ఏ గాజు ఉంచుకోను

కోఠీలో, మెట్ల కింద కెమెరాలు బాగుచేసే ఘజన్‌ఫర్ సాబ్
రెండు ప్లాస్టిక్ డబ్బీలు నా ముందుకి జరిపాడు.
"దోనో తీస్కపో బేటీ. సోమవారం ఒకటి వాపస్, ఒకటికి పైసలు."
పది రూపాయల బిళ్లంత గాజులు.
వంచి చూస్తే నెమలి మెడ.
చిట్టీ ఎత్తిన డబ్బులో ఒక్కదానికే చోటుంది.

నాచారంలో మా మేడ మీద
ఆకాశం నల్లగా ఉండదు.
కాచి మరిచిపోయిన పాల మీద మీగడలా
ఓ తెల్లటి పొర. దాని కింద ఎక్కడో చుక్కలు.

ఇంతకు ముందో ఫిల్టరు ఉండేది నాకు.
సోడియం దీపాల పసుపుని ఒక్కదాన్నే పట్టి ఆపేది,
ఒకే ఒక్క మొహం గుర్తుపెట్టుకున్న వాచ్‌మన్‌లా.
వీధంతా పసుపే కాబట్టి సరిపోయింది.
తర్వాత తెల్ల ఎల్‌ఈడీలు వచ్చాయి.
అన్ని రంగులూ గుంపుగా తోసుకొస్తే
వాడు ఎవర్నని ఆపుతాడు?
ఇప్పుడది పోపుల డబ్బాలో, లవంగాల గిన్నె పక్కన.

పగలు నా పని స్పెక్ట్రోఫోటోమీటరు ముందు.
మందు నీళ్ల మీద ఒక్క తరంగం వదిలి
ఎంత మింగిందో రాసుకోవడం.
అందుకే అంకెలు నాకు మనుషుల్లా తెలుసు.
నాలుగు వందల ఎనభై ఆరు, హైడ్రోజన్.
అయిదు వందల దగ్గర, రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్,
ఆకుపచ్చో నీలమో తనకే తేలని రంగు.
మొదటి గాజు ఇద్దర్నీ రానిస్తుంది.
రెండోది ఆక్సిజన్‌ని తప్ప ఎవరినీ నమ్మదు.

జనవరి ఆదివారం, పదిన్నర.
మల్లాపూర్ వైపు ఏదో బరాత్, డీజే.
కార్తె రోజున చేపల కోసం ఎగబడే ఊరిది,
ఆ మృగశిర ఇక్కడే ఉందని తల ఎత్తేవాళ్లు తక్కువ.
దాని కింద మూడు చుక్కల నడుం,
నడుం కింద వేలాడే మసక.

గాజుని బిగించకుండా, కంటికీ ఐపీసుకీ మధ్య
వేలి చివర్లతో పట్టుకుని అడ్డంగా జరుపుతాను.
లేదు. ఉంది. లేదు. ఉంది.
మొదటి గాజుకి ఆకాశం దిగింది, పొగ రెక్క విప్పింది,
చుక్కలు సన్నబడ్డాయి కానీ మిగిలాయి.
రెండోదానికి రెక్క అంచు బ్లేడులా తేలింది,
నడిమి నాలుగు చుక్కలూ ఆరిపోయినంత పనైంది.
రెండిట్లో ఏదీ ఒక్క రవ్వ వెలుగు కలపదు.
ఎవర్ని వద్దనాలో, అంతే వాటి విద్య.

అప్పుడొచ్చాడు ఇస్తారి, ట్యాంకు వాల్వు తిప్పడానికి.
మా గల్లీలో పాత దీపాలు విప్పి ఈ తెల్లవి బిగించింది ఆయనే,
కార్పొరేషన్ నిచ్చెన బండెక్కి.
"అంతా మీ దీపం వల్లే" అన్నాను, నవ్వుతూనే.
"గా దీపం కిందికెల్లే గదా మేడం, సెకండ్ షిఫ్టు నుంచి మీరొచ్చేది."
నిజమే. పదకొండుకి బస్సు దిగి
వేళ్ల సందుల్లో తాళంచెవి బిగించి నడిచే అలవాటు
ఆ దీపం వచ్చాకే పోయింది.

కరెంటు పోతే బాగుండని కూడా అనుకోలేను.
కింది వాటాలో శాన్వి నెబ్యులైజరు గుర్రుమంటోంది,
రోజూ ఈ వేళకే.
ఆ పిల్ల ముక్కు దగ్గర ఒక పొగమంచు,
నా గొట్టం చివర ఒకటి.

ఇస్తారి ఒంగి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు.
"గిదేనా? అద్దం మీద ఆవిరి లెక్కుంది."
మొదటి గాజు అడ్డం పెట్టాను.
"అరె. జర ఆగుండ్రి. తియ్యకుండ్రి."
ఎంత దూరమని అడగలేదు, ఎన్నేళ్ల కిందటి వెలుగనీ.
"ఎన్ని వాట్లుంటది?" అన్నాడు.
నాకు తెలియదు.

సోమవారం రెండోది తిరిగిచ్చేశాను.
చుక్కల్ని ఆర్పుకునేంత పట్టుదల ఇంకా రాలేదు.
ఘజన్‌ఫర్ సాబ్ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి
బస్సుకని యాభై వెనక్కిచ్చాడు.

పోపుల డబ్బాలోని పాత గాజు కడిగి
శాన్వి చేతిలో పెట్టాను.
మెట్ల మీద కూర్చుని దాంట్లోంచి
వీధి దీపాన్నే చూస్తోంది.
కొంచెం నీలంగా ఉందట.